కంపెనీ చేతులు మారితే ఉద్యోగి ఏం చేయాలి?

రేణిగుంటలోనో శ్రీసిటీలోనో మీరు పనిచేసే కంపెనీని ఇంకెవరో కొన్నారని తెలిస్తే, అందరూ ముందు అడిగేది ఉద్యోగం ఉంటుందా అని. చాలాసార్లు ఉంటుంది. మారేది మనల్ని చూసే తీరు, అదీ కొన్ని నెలలు గడిచాక. అందుకే మొదటి నెలలోనే జాగ్రత్త పడాలి.

1. అమ్మింది షేర్లా, వ్యాపారమా అని హెచ్‌ఆర్‌ను అడగండి. షేర్లే అయితే మీ యజమాని పాత కంపెనీయే, పాత అపాయింట్‌మెంట్ లెటరే చెల్లుతుంది. వ్యాపారాన్నే బదిలీ చేస్తే కొత్త లెటర్ ఇస్తారు.

2. ఆ లెటర్‌లో ముందు 'చేరిన తేదీ' చూడండి. బదిలీ రోజే చేరినట్టు రాసుంటే సంతకం పెట్టొద్దు. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి, మామూలుగా ఐదేళ్లు నిండాలి, ఏడాదికి 15 రోజుల జీతం లెక్క. నాలుగేళ్లు చేసినవాళ్లకు ఆ ఒక్క తేదీతో అంతా మొదటికొస్తుంది. కార్మికుల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది: సర్వీసు తెగకూడదు, షరతులు తగ్గకూడదు, రేపు తీసేస్తే పాత సర్వీసు కలిపే పరిహారం ఇవ్వాలి; ఇవి పాటించకపోతే బదిలీ సమయంలోనే పరిహారం ఇవ్వాలి. మేనేజర్లకు ఈ రక్షణ లేదు, వాళ్లకు లెటరే ఆధారం. "రాజీనామా ఇచ్చి మళ్లీ చేరండి" అంటే మాత్రం ఎవరూ ఒప్పుకోకండి.

3. పీఎఫ్ పాస్‌బుక్, జీతం స్లిప్పులు, మిగిలిన సెలవుల లెక్క డౌన్‌లోడ్ చేసుకోండి. పాత లాగిన్ ఏ రోజైనా ఆగిపోవచ్చు. యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) పాతదే కొనసాగించండి. పీఎఫ్ డబ్బు తీసేయొద్దు, పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి.

4. కాగితం మీద లేనివాటిని రాయించుకోండి. అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర వస్తే పాత యజమాని నోటిమాటతోనే సెలవిచ్చేవాడు, వేషం కట్టే మొక్కున్నవాళ్లను షిఫ్టు మార్చి పంపేవాడు. ఎక్కడో హెడ్డాఫీసులో కూర్చున్న కొత్త మేనేజరుకు అది కారణం చెప్పని గైర్హాజరు. ఊళ్లోకొచ్చే షిఫ్టు బస్సును హైవే దగ్గరే ఆపేస్తే, రాత్రి షిఫ్టు దిగిన ఆడపిల్లలు చీకట్లో నడవాలి. ఇలాంటివన్నీ ఒక జాబితాగా రాసి, పదిమంది సంతకాలతో మెయిల్ పెట్టండి. ఒక్కరే వెళ్లి అడిగితే ఆ ఒక్కరి మీదే కన్ను పడుతుంది.

5. టార్గెట్లు పెంచినా, పని మార్చినా నోటిమాటతో వదలకండి. "మీరు చెప్పింది ఇదే కదా" అని అదే రోజు మెయిల్ చేయండి. జవాబు రాకపోయినా ఆ మెయిల్ ఉంచుకోండి. రేపు కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాల్సి వస్తే ముందు అడిగేది అవే.