జర్మన్ భాషా పరీక్షల్లో మీకు తగినదాన్ని ఎంచుకోవడం ఎలా?

జర్మన్ భాషా సర్టిఫికెట్ అవసరమైనవారు ఎక్కువగా ఏ పరీక్ష సులువు అన్న ప్రశ్నతోనే వెతకడం మొదలుపెడతారు. ఆ ప్రశ్నను చివరికి ఉంచుకోవడం మంచిది. ముందుగా తేల్చుకోవలసింది ఆ సర్టిఫికెట్‌ను ఎవరికి ఇవ్వబోతున్నాము, వారి నిబంధనల్లో సరిగ్గా ఏమి రాసి ఉంది అన్న విషయం. విశ్వవిద్యాలయం, రాయబార కార్యాలయం, వైద్య వృత్తికి అనుమతి ఇచ్చే అధికారులు, ఉద్యోగం ఇచ్చే సంస్థ, వీరిలో ఎవరి జాబితా వారిదే. ఒకరు సంతోషంగా తీసుకునే పత్రాన్ని మరొకరు చూడకుండానే పక్కన పెట్టవచ్చు. అందుకే పరీక్షకు రుసుము కట్టకముందే, దరఖాస్తు చేయబోయే సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో భాషా అర్హత గురించి ఉన్న వాక్యాన్ని అక్షరం అక్షరం చదవాలి. ఏయే పరీక్షల పేర్లు ఉన్నాయి, ఏ స్థాయి అడిగారు, చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు నైపుణ్యాల్లో విడివిడిగా మార్కులు కావాలా, సర్టిఫికెట్ ఎంత పాతదైనా ఫరవాలేదా అన్న నాలుగు సంగతులూ అందులో దొరకకపోతే ఈమెయిల్ రాసి అడిగి, వచ్చిన జవాబును భద్రపరచుకోవాలి.

స్థాయి వేరు, పరీక్ష వేరు. భాష ఎంత వచ్చో చెప్పే, అన్నిటికన్నా కింది ఏ1 నుంచి అన్నిటికన్నా పై సీ2 వరకు ఉన్న ఆరు స్థాయులు కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ఉమ్మడి ప్రమాణం నుంచి వచ్చాయి. గోథే ఇన్‌స్టిట్యూట్, టెల్క్, ఆస్ట్రియాకు చెందిన ఓఎస్‌డీ అనే సంస్థలు ఈ ఆరు స్థాయులకూ పరీక్షలు పెడతాయి. టెస్ట్‌డాఫ్, డీఎస్‌హెచ్ అనే పరీక్షలు మాత్రం ఉన్నత చదువుల కోసమే రూపొందాయి కాబట్టి కింది స్థాయుల వారికి వాటితో పని లేదు.

జీవిత భాగస్వామి దగ్గరకు జర్మనీ వెళ్లేవారికి సాధారణంగా ఏ1 చాలు. ఇక్కడ గోథే, టెల్క్, ఓఎస్‌డీలలో రాయబార కార్యాలయం ఒప్పుకునేదీ, దగ్గరలో కేంద్రం ఉన్నదీ తీసుకోవచ్చు. అంతకుమించి ఆలోచించనవసరం లేదు. అసలు పరీక్ష అవసరమా లేదా అన్నది మాత్రం ముందే చూసుకోవాలి, ఎందుకంటే ఉన్నత అర్హతలున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి, ఈయూ బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వాములకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్ నుంచి ఇస్తున్న చాన్సెన్‌కార్టె అనే అనుమతి విషయం కొంచెం వేరు. పాయింట్ల పద్ధతిలో దానికి దరఖాస్తు చేసేవారికి జర్మన్ ఏ1 గానీ ఇంగ్లిష్ బీ2 గానీ కనీస అర్హత, ఆపైన మొత్తం 6 పాయింట్లు కావాలి. అందులో జర్మన్ ఏ2కు 1, బీ1కు 2, బీ2కు 3 పాయింట్లు వస్తాయి. వయసు, అనుభవం వంటి వాటిలో పాయింట్లు తక్కువ పడుతున్నవారు కనీస స్థాయితో ఆగిపోకుండా మరో మెట్టు ఎక్కాక పరీక్ష రాయడమే తెలివైన పని.

విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువగా పొరబడేది సీ1 అన్న మాట దగ్గర. సీ1 సర్టిఫికెట్ ఉంటే జర్మన్ మాధ్యమంలో ఏ కోర్సులోనైనా చేరవచ్చని చాలామంది అనుకుంటారు. జర్మన్ విశ్వవిద్యాలయాలన్నీ అంగీకరించేవి కొన్నే: నాలుగు విభాగాల్లోనూ టీడీఎన్ 4 (ఆ పరీక్ష ఇచ్చే 3, 4, 5 అనే మూడు మెట్లలో మధ్యది) సాధించిన టెస్ట్‌డాఫ్, డీఎస్‌హెచ్-2, విశ్వవిద్యాలయ చదువుల కోసం ఉన్న టెల్క్ సీ1 హోహ్‌షూలె, గోథే సీ2, పాఠశాల విద్యార్థులకు పెట్టే డీఎస్‌డీ రెండో దశ. గోథే సీ1ను ఒప్పుకునే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నా, ఆ నిర్ణయం ఆయా సంస్థలది. అలాగే టెల్క్ సీ1, టెల్క్ సీ1 హోహ్‌షూలె రెండు వేర్వేరు పరీక్షలు. నమోదు ఫారంలో ఒక్క పదం తేడాతో తప్పు పరీక్ష రాస్తే, ఎంత బాగా రాసినా ప్రవేశానికి అది పనికిరాకపోవచ్చు. ఆన్‌సెట్ వంటి ఆన్‌లైన్ స్థాయి నిర్ధారణ పరీక్షలు ఏ తరగతిలో చేరాలో తెలుసుకోవడానికి ఉపయోగపడతాయి తప్ప ప్రవేశానికి అడిగే సర్టిఫికెట్లకు ప్రత్యామ్నాయం కావు.

డీఎస్‌హెచ్‌ను జర్మనీలోని విశ్వవిద్యాలయాలే నిర్వహిస్తాయి, ఎక్కువ చోట్ల తమ దగ్గర షరతులతో ప్రవేశం పొందినవారికే అవకాశం ఇస్తాయి. రాతలోనూ మౌఖికంలోనూ 57 శాతం వస్తే డీఎస్‌హెచ్-1, 67 శాతం వస్తే డీఎస్‌హెచ్-2, 82 శాతం వస్తే డీఎస్‌హెచ్-3. చేతిలో ప్రవేశ పత్రం ఉండి, జర్మనీలోనే ఉన్న విద్యార్థికి ఇది మంచి దారి. ఇంకా ఏ విశ్వవిద్యాలయమో ఖరారు కాక, అనేక చోట్లకు దరఖాస్తు చేయబోయే విద్యార్థికి మాత్రం టెస్ట్‌డాఫ్‌నో టెల్క్ సీ1 హోహ్‌షూలెనో ఎంచుకోమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఒక్క పత్రంతో అన్ని తలుపులూ తట్టవచ్చు.

వైద్యులు, నర్సుల సంగతి పూర్తిగా వేరు. వైద్యులు సాధారణ జర్మన్‌లో బీ2 చూపించడంతో సరిపోదు. రోగితో సంభాషణ, వైద్య పత్రం రాయడం, సహ వైద్యునితో చర్చ వంటివి పరీక్షించే వృత్తి భాషా పరీక్షను సీ1 స్థాయిలో, సాధారణంగా రాష్ట్ర వైద్య మండలి దగ్గర ఉత్తీర్ణులు కావాలి. నర్సులకు అర్హత గుర్తింపు కోసం సాధారణంగా బీ2 అడుగుతారు. ఏ సంస్థ సర్టిఫికెట్‌ను ఒప్పుకోవాలన్నది జర్మనీలోని రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి పని చేయబోయే రాష్ట్రం తెలియకముందే పరీక్ష ఎంచుకోవడం తొందరపాటు అవుతుంది.

అంగీకరించే పరీక్షలు రెండు మూడు ఉన్నాయని తేలాక, ఏది నాకు నప్పుతుంది అన్న ప్రశ్నకు సమయం వస్తుంది. గోథే బీ1, బీ2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు వేర్వేరు మాడ్యూళ్లు. ఒక్కొక్కదానికి 100 పాయింట్లలో 60 రావాలి, తప్పిన మాడ్యూల్ ఒక్కటే మళ్లీ రాయవచ్చు. మూడు నైపుణ్యాలు బలంగా ఉండి ఒకటి వెనకబడినవారికి ఇది పెద్ద ఊరట. అయితే వేర్వేరు తేదీల్లో పొందిన మాడ్యూళ్లను కలిపి ఒప్పుకుంటారా అని దరఖాస్తు చేసే చోట అడగడం మరచిపోకూడదు. టెల్క్ బీ2లో రాత భాగం ఒకటి, మౌఖిక భాగం ఒకటి. వాటిలో ఒకటి తప్పితే పరిమిత గడువులో ఆ భాగాన్ని మాత్రమే తిరిగి రాయవచ్చు. టెస్ట్‌డాఫ్‌లో ఆ వెసులుబాటు లేదు: ఒక విభాగంలో టీడీఎన్ 3 వచ్చి మిగిలిన మూడింటిలో 5 వచ్చినా, పరీక్ష మొత్తం మళ్లీ రాయవలసిందే.

వ్యాకరణం బాగా వచ్చి మాటలు తడబడేవారికి టెల్క్‌లో వ్యాకరణాన్నీ పదజాలాన్నీ నేరుగా పరీక్షించే భాగం కలిసి వస్తుంది. గోథే బీ1, బీ2లలో అలాంటి ప్రత్యేక భాగం లేదు. రాతలోనూ తేడా ఉంది. గోథే బీ2లో 75 నిమిషాల్లో రెండు రచనలు చేయాలి. టెల్క్ బీ2లో 30 నిమిషాల్లో ఒక ఉత్తరం రాస్తే చాలు, కానీ ఆ కొద్ది సమయంలో తప్పు దిద్దుకునే తీరిక దొరకదు. మాట్లాడే పరీక్షను గోథే, టెల్క్ సాధారణంగా ఇద్దరు అభ్యర్థులను కలిపి పెడతాయి. టెస్ట్‌డాఫ్‌లో ఎదుట మనిషి ఉండరు. సుమారు 35 నిమిషాల్లో 7 ప్రశ్నలకు యంత్రంలో గొంతు రికార్డు చేయాలి. పరీక్షకుని ముఖం చూస్తే బిడియపడేవారికి అది అనుకూలం, ఎదుటివారి స్పందన చూసి మాటలు కూర్చుకునేవారికి కష్టం. ఇతరుల అనుభవాలు వినడం కన్నా, ఈ సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే నమూనా పరీక్షలను గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా పూర్తిగా రాసి చూడడమే సరైన కొలత. రెండు నమూనాల్లో ఏది మిగిలిన దానికన్నా స్పష్టంగా మెరుగ్గా వచ్చిందో అదే మీ పరీక్ష. రెండింటిలోనూ 60 శాతం కిందే ఆగితే అప్పుడు మార్చవలసింది పరీక్షను కాదు, తేదీని.

తేదీని వెనక నుంచి లెక్క వేయాలి. శీతాకాల సెమిస్టర్‌కు చాలా కోర్సుల గడువు జూలై 15, వేసవి సెమిస్టర్‌కు జనవరి 15. ఫలితాలకు కొన్ని వారాలు పడుతుంది. తప్పితే మళ్లీ రాయడానికి ఇంకొక తేదీ గడువులోపే ఉండాలి. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి నమోదు తెరుచుకునే రోజు కూడా తెలుసుకుని ఉండాలి. ఈ సర్టిఫికెట్లపై సాధారణంగా గడువు తేదీ ఉండకపోయినా, వీసా అధికారులు ఇటీవలిదే కావాలని అడగవచ్చు, అందువల్ల మరీ ముందుగా రాసి దాచిపెట్టుకోవడం కూడా మంచిది కాదు. పరీక్ష రాయకుండానే అసలైన సర్టిఫికెట్ ఇప్పిస్తామనే ప్రకటనల జోలికి వెళ్లకండి. అధికారులు పత్రాన్ని జారీ చేసిన సంస్థ దగ్గరే సరిచూసుకోగలరు, నకిలీ అని తేలితే వీసా దరఖాస్తే ప్రమాదంలో పడుతుంది. నమోదు చేసేటప్పుడు పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, పంపే ముందు ఒకసారి పోల్చి చూసుకోండి.