ఉప్పుడు మిల్లు టచ్ ప్యానెల్‌కి పాస్‌వర్డ్ పెట్టే విధానం

రాయగడ, గుణుపురం వైపు ఉప్పుడు మిల్లుల్లో వడ్లు నానబెట్టే నీటి వేడి మామూలుగా 65 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఎవరో దారిన పోతూ ప్యానెల్ ముట్టుకుని 68 కాస్తా 86 చేశారంటే పొట్టు విచ్చుకుంటుంది, గింజలోని పిండి నీళ్లలోకి దిగిపోతుంది, ట్యాంకెడు వడ్లు చెడిపోతాయి. మార్చింది ఎవరని అడిగితే ఒక షిఫ్టు వాళ్లు ఇంకో షిఫ్టు మీద చెప్తారు. పాస్‌వర్డ్ పెడితే రెండు పనులు జరగాలి. మార్చకూడని వాళ్లు మార్చలేకపోవాలి. మార్చినది ఎవరో, ఎన్ని గంటలకో తెలియాలి. ఈ రెండోది వదిలేసి అందరికీ ఒకే నంబరు ఇస్తే పెట్టిన శ్రమంతా వృథా.

మొదట ప్రాజెక్టు ఫైలు చేతిలో ఉందో లేదో చూసుకోండి. ప్యానెల్ లోపల ఉండేది కంపైల్ అయిన, అంటే మిషను మాత్రమే చదివేలా మార్చిన ఫైలు. చాలా ప్యానెళ్లలో దాన్ని వెనక్కి తీసుకున్నా ఎడిట్ చేయడం కుదరదు. మిషను అమ్మినవాళ్ల దగ్గర నుంచి ప్యానెల్‌దీ, వెనక మోటార్లనీ వేడినీ నడిపే కంట్రోలరు పీఎల్‌సీదీ అసలు ప్రాజెక్టు ఫైళ్లు, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో రాసిన కాగితంతో సహా తెప్పించుకోండి. అవి రాకుండా పని మొదలుపెట్టొద్దు. ఫైళ్లు రెండు పెన్‌డ్రైవుల్లో దాచి, ప్యానెల్‌లోని ప్రతి పేజీని ఫోనుతో ఫొటో తీసుకోండి. డౌన్‌లోడ్ (మార్చిన ఫైలుని ప్యానెల్‌లోకి ఎక్కించడం) తర్వాత ఏదైనా సెట్టింగు సున్నా అయితే ఆ ఫొటోలే దిక్కు.

తర్వాత కాగితం మీద ఎవరికి ఏ పని అని రాసుకోండి. మిల్లుకి నాలుగు లెవెళ్లు చాలు. లాగిన్ లేకుండా, అంటే 0 లెవెల్లో: అన్ని పేజీలూ చూడడం, అలారం హారన్ ఆపడం, ఏ మోటారునైనా స్టాప్ చేయడం. 1 ఆపరేటరుకి: స్టార్టు, బ్యాచ్ ఎంపిక, హద్దుల్లో సెట్ పాయింట్ (నీళ్లు ఎంత వేడిలో ఉండాలన్న అంకె). 2 మెయింటెనెన్సుకి: మాన్యువల్ మోడ్, టైమర్లు. 3 ఇంజనీరుకి: పీఐడీ (వేడిని సెట్ పాయింట్ దగ్గర నిలిపే లెక్క), సెన్సరు స్కేలింగు (సెన్సరు సిగ్నల్‌ని డిగ్రీలుగా మార్చే లెక్క), యూజర్ల జాబితా.

స్టాప్ బటన్ వెనక పాస్‌వర్డ్ ఎప్పుడూ, ఏ కారణంతోనూ పెట్టొద్దు. ఎలివేటరు బెల్టులో చెయ్యి ఇరుక్కున్నప్పుడు పక్కనున్న మనిషి నంబరు గుర్తు చేసుకుంటూ నిలబడకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ ఎలాగూ తెర మీద కాకుండా, కాంటాక్టరు (మోటారుకి కరెంటు ఇచ్చే స్విచ్) కాయిల్ సప్లయ్ కోసేలా వైరింగులోనే ఉండాలి. లేకపోతే పాస్‌వర్డ్ పని పక్కన పెట్టి ముందు అది చేయండి.

సాఫ్ట్‌వేర్లో పేర్లు వేరైనా పద్ధతి ఒకటే: యూజర్‌ని తయారు చేయడం, లెవెల్ ఇవ్వడం, ప్రతి బటన్‌కీ అంకెలు కొట్టే ప్రతి గడికీ ఆ లెవెల్ కట్టడం. సీమెన్స్ కంపెనీ ప్యానెళ్లలో యూజర్లు, గ్రూపులు, వాటికి అనుమతులు. వీన్‌టెక్ జనరల్ మోడ్‌లో 12 మంది యూజర్లు, ఎ నుంచి ఎఫ్ వరకు తరగతులు. అలెన్ బ్రాడ్లీ ప్యానెల్‌వ్యూలో ఎ నుంచి పి వరకు కోడ్లు. పేజీకి వెళ్లే బటన్ ఒక్కదానికే తాళం వేసి ఊరుకోవడం ఎక్కువగా జరిగే తప్పు. అలారం జాబితాలోంచో, పాపప్‌లోంచో అదే పేజీకి ఇంకో దారి ఉంటుంది. అందుకే గడి గడికీ వేయాలి. అనుమతి లేని గడిని మాయం చేయకండి, బూడిద రంగులో చూపించండి. ఆపరేటరుకి విలువ కనబడాలి, మార్చే వీలు మాత్రం ఉండకూడదు.

పాస్‌వర్డ్ అంకెల్లో, కనీసం 6 అంకెలు ఉంటే మేలు. చిన్న తెర మీద అక్షరాల కీబోర్డు ఊక దుమ్ము అంటిన వేళ్లకి అనుకూలం కాదు. ఆ దుమ్ముతోనే ఇంకో చిక్కు: రోజూ నొక్కే అంకెల మీద వేలి మరకలు పడి, ఏటవాలుగా చూస్తే ఏ అంకెలో తెలిసిపోతాయి. షిఫ్టుకొకసారి తెర తుడిపించండి. సరైన నంబరు కొట్టినా తప్పు అంటుంటే టచ్ పక్కకి జరిగి 5 నొక్కితే 8 పడుతోందేమో చూడండి. అప్పుడు కావాల్సింది టచ్ కాలిబ్రేషన్, కొత్త పాస్‌వర్డ్ కాదు.

మన దగ్గర ఒకే షిఫ్టులో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు కలిసి పని చేస్తారు. చాలా ప్యానెళ్లలో తెలుగు వత్తులు, ఒడియా జోడక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. బటన్ మీది మాటని కంప్యూటర్లో బొమ్మగా చేసి పెడితే సరిగ్గా వస్తుంది. యూజర్ పేర్లకి మాత్రం టోకెన్ నంబర్లు వాడండి.

ఇక అసలు తాళం పీఎల్‌సీలో ఉండాలి. తెర మీద ఎంత గట్టిగా వేసినా, అదే నెట్‌వర్కులోకి వచ్చిన ల్యాప్‌టాప్ నేరుగా రిజిస్టర్లో (పీఎల్‌సీ మెమరీలో ఒక గడి) రాసేయగలదు. పద్ధతి ఇది. ప్యానెల్ రాసేది డి100 అనే రిజిస్టర్లో, కంట్రోల్ వాడేది డి300 నుంచి. 68.0 డిగ్రీలంటే 680. అప్పుడు లాగిన్‌లో ఉన్న లెవెల్‌ని ప్యానెల్ డి110లో రాస్తుంది. డి110 ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, డి100 విలువ 640 నుంచి 710 లోపు ఉంటేనే డి100ని డి300లోకి కాపీ చేయండి. లేకపోతే తిరగేసి డి300ని డి100లోకి. అప్పుడు 86 కొట్టినా కళ్ల ముందే మళ్లీ 68 అవుతుంది, సెట్ పాయింట్ కదలదు. ల్యాప్‌టాప్ డి110, డి300ల్లో కూడా రాయగలదు కాబట్టి పీఎల్‌సీకి దాని సొంత పాస్‌వర్డ్ పెట్టండి, ప్యానెల్ బోర్డుకి తాళం వేయండి, ఖాళీ ఈథర్‌నెట్ పోర్టు బయట వదలొద్దు.

డి300 కరెంటు పోయినా నిలిచే మెమరీలో ఉండాలి. డి110 అలా ఉండకూడదు. కరెంటు వచ్చిన మొదటి స్కాన్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాం మొదటి చుట్టులో) దాన్ని సున్నా చేయండి. ఇంకో మెలిక: ఇంజనీరు లాగిన్‌లో ఉండగా ప్యానెల్ కేబుల్ ఊడితే డి110లో 3 అలాగే ఉండిపోతుంది. ప్యానెల్ నుంచి సెకనుకోసారి మారే బిట్ ఒకటి పంపించి, అది 5 సెకన్లు కదలకపోతే డి110ని సున్నా చేసేలా టైమర్ పెట్టండి.

ఆటో లాగౌట్ 2, 3 లెవెళ్లకి 5 నిమిషాలు సరిపోతుంది. లాగౌట్ అయ్యేటప్పుడు తెర మొదటి పేజీకి వెళ్లేలా కూడా కట్టాలి. లేకపోతే పీఐడీ పేజీ తెరిచినట్టే ఉంటుంది. తెరని దూరం నుంచి చూసి నడిపే వీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా జాగ్రత్త: చాలా ప్యానెళ్లలో అటూ ఇటూ ఒకే లాగిన్. మిల్లులో ఇంజనీరు లాగిన్ అయితే దూరాన చూసేవాడికీ అదే అధికారం వస్తుంది. సర్వీసు కోసం పెట్టిన 4జీ రౌటర్‌ని పని ఉన్నప్పుడే ఆన్ చేయండి. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ ఒక్కరోజు కూడా ఉంచొద్దు. 2023 నవంబరులో అమెరికాలోని అలిక్విప్పా నీటి సంస్థ కంట్రోలరులోకి బయటివాళ్లు చొరబడ్డారు. ఆ రకం కంట్రోలర్లకి అప్పట్లో కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ 1111.

డి300 మారినప్పుడల్లా తేదీ, సమయం, యూజర్ నంబరు, పాత విలువ, కొత్త విలువ లాగ్‌లో పడాలి. ప్యానెల్ గడియారం బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, ఆ లాగ్ ఎందుకూ పనికిరాదు. ముందే బ్యాటరీ మార్చండి.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు యూజర్ల జాబితాని తిరగరాయాలా, ఉన్నది ఉంచాలా అని అడిగే ప్యానెళ్లున్నాయి. మొదటిసారి తిరగరాయండి, ఆ తర్వాత ఉంచండి. లేదంటే తెర మీద మార్చుకున్న పాస్‌వర్డ్లన్నీ పోయి పాతవి వస్తాయి, తెల్లారి షిఫ్టు వాళ్లు స్టార్టు చేయలేక ఆగిపోతారు. 3వ లెవెల్ పాస్‌వర్డ్ ఒక కాపీ కవర్లో సీలు చేసి యజమాని బీరువాలో పెట్టించండి. మనిషి పని మానేస్తే అదే రోజు అతని యూజర్ని తీసేయండి.

అప్పగించే ముందు ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు పరీక్షించండి. లాగిన్ లేకుండా ప్రతి పేజీలో ప్రతి గడినీ నొక్కండి. 1వ లెవెల్లో 86 కొట్టి చూడండి. 3వ లెవెల్లో ఉండగా మెయిన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి, లెవెల్ సున్నాకి రావాలి. కేబుల్ లాగి 5 సెకన్లు లెక్కపెట్టండి. చివరగా ఎవరూ లాగిన్ కాకుండా ఎలివేటరు నడిపించి, తెర మీది స్టాప్ నొక్కండి. ఆగాలి.