ఫుట్‌బాల్ మేనేజర్లని, ప్లేయర్లని కవర్ చెయ్యడం ఎలా? ప్రెస్ కాన్ఫరెన్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ వార్త దాకా

2004 జూన్‌లో జోస్ మౌరిన్యో చెల్సీకి మేనేజర్‌గా వచ్చి లండన్‌లో మొదటిసారి ప్రెస్ ముందు కూర్చున్నాడు. అప్పటికి పోర్టో టీమ్‌తో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలిచి సరిగ్గా ఒక వారం అయిందంతే. ఆ రోజు ఆయన అన్నది ఏంటంటే, నన్ను పొగరుబోతు అనుకోకండి, కానీ నేను యూరోపియన్ ఛాంపియన్‌ని, నేనూ ఒక స్పెషల్ మనిషినే అనుకుంటున్నా అని. ఇంగ్లీష్‌లో ఆయన వాడింది "ఎ స్పెషల్ వన్". పేపర్లలోకి వచ్చేసరికి అది "ది స్పెషల్ వన్" అయిపోయింది, అంటే స్పెషల్ వాళ్ళలో ఒకడిని అన్నవాడు స్పెషల్ అంటే నేనొక్కడినే అన్నవాడిగా మారిపోయాడు, ఇరవై ఏళ్ళు దాటినా ఆ పేరు ఇంకా వదల్లేదు. ఒక్క అక్షరం తేడా అండి!

ఫుట్‌బాల్ రిపోర్టింగ్ ఎలా చెయ్యాలి అని అడిగే పిల్లలకి నేను మొదట చెప్పేది ఈ సంగతే. మాట ఎవరు అన్నారు, ఏ ప్రశ్నకి అన్నారు, ఎందుకు అన్నారు, ఈ మూడూ పోకుండా చదివేవాళ్ళ దాకా మోసుకెళ్ళడమే ఈ పని. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌ని ఉదాహరణగా పెట్టుకుని ఒక్కో స్టెప్ చెప్తా, ఎందుకంటే మన తెలుగు కుర్రాళ్ళు ఎక్కువగా చూసేది అదే, పైగా అక్కడ పద్ధతులు బాగా కుదురుకుని ఉన్నాయి.

ముందు ఒక చిన్న మాట. మేనేజర్ అంటే ఆఫీస్ మేనేజర్ కాదు, క్రికెట్ టీమ్‌తో పాటు తిరిగే మేనేజర్ కూడా కాదు. టీమ్‌ని ఎంచి ఆడించేవాడు, మన భాషలో కోచ్. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ రోజుల్లో ఎవర్ని కొనాలి ఎవర్ని అమ్మాలి అన్నదాంట్లో కూడా మేనేజర్ మాటే పెద్దది. ఇప్పుడు చాలా క్లబ్బుల్లో ఆయన్ని హెడ్ కోచ్ అంటున్నారు, కొనడం అమ్మడం స్పోర్టింగ్ డైరెక్టర్ చూస్కుంటాడు. మీరు కవర్ చేసే క్లబ్బులో ఏ పని ఎవరిదో ముందే తెలుసుకోండి, లేకపోతే ఆయన చేతిలో లేని విషయం గురించి ఆయన్నే నిలదీస్తూ ఉంటారు.

స్టెప్ 1: మ్యాచ్ చూడటం నేర్చుకోండి

బాల్ వెనకాలే కళ్ళు పరిగెడితే రిపోర్ట్ రాయలేరు. ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) ఎంత పైకి వెళ్తున్నాడు, బాల్ పోగానే దాన్ని లాక్కోవడానికి ఎవరు ముందు మీదకి వెళ్తున్నారు, సబ్‌స్టిట్యూషన్ తర్వాత టీమ్ షేప్, అంటే ఎవరు ఎక్కడ నిలబడి ఆడుతున్నారన్నది, ఎలా మారింది, ఇవి నోట్‌బుక్‌లో నిమిషంతో సహా రాసుకోండి. ఎందుకింత అంటే, 2019 జనవరిలో లీడ్స్ కోచ్ మార్సెలో బియెల్సా ఉన్నట్టుండి ప్రెస్‌ని పిలిచాడు. డర్బీ టీమ్ ట్రైనింగ్ చూడ్డానికి మనిషిని పంపాడని గొడవ నడుస్తున్న టైమ్ అది, రాజీనామా చేస్తాడేమో అనుకుంటూ అందరూ ఉరుకుల పరుగుల మీద వెళ్ళారు. ఆయనేమో ప్రొజెక్టర్ పెట్టి డర్బీ ఏ ఫార్మేషన్‌లో ఎంతసేపు ఆడిందో గంటకి పైగా క్లాస్ చెప్పాడు! ఆట అర్థమయ్యే రిపోర్టర్లకి అది బంగారం, గొడవ కోసం మాత్రమే వెళ్ళినవాళ్ళకి దాంట్లో సగం అర్థమై ఉండదు.

స్టెప్ 2: మ్యాచ్ ముందు ప్రెస్ కాన్ఫరెన్స్

మ్యాచ్‌కి ఒకరోజు రెండ్రోజుల ముందు ప్రతి మేనేజర్ మాట్లాడాలి. ఇది చాలా చోట్ల రెండు భాగాలుగా జరుగుతుంది. మొదట కెమెరాల ముందు, టీవీ రేడియో వాళ్ళ కోసం, అది అప్పటికప్పుడు బయటకి వస్తుంది. తర్వాత కెమెరాలు ఆపేసి పేపర్ వాళ్ళతో విడిగా కూర్చుంటాడు, ఆ మాటలకి ఎంబార్గో ఉంటుంది, అంటే ఒప్పుకున్న టైమ్ దాకా, ఎక్కువసార్లు ఆ రాత్రి పదిన్నర దాకా, ఎవరూ వెయ్యకూడదు. శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన మాట రాత్రికి అన్ని సైట్లలో ఒకేసారి ఎందుకు కనపడుతుందో ఇప్పుడు అర్థమైందా. ఎంబార్గో తప్పితే మిమ్మల్ని క్లబ్ ఒక్కటే కాదు, పక్క సీట్లో కూర్చునే తోటి రిపోర్టర్లు కూడా నమ్మరు, అది ఇంకా పెద్ద నష్టం.

ప్రశ్న అడిగేటప్పుడు కొన్ని పాటించండి. ఒకసారికి ఒకటే ప్రశ్న, రెండు కలిపి అడిగితే ఆయన తేలికైన దానికి జవాబు చెప్పి వెళ్ళిపోతాడు. "గెలిచారు కదా, ఎలా ఫీల్ అవుతున్నారు" లాంటివి వద్దు. అవును కాదు అని తేల్చేసే ప్రశ్న కూడా వద్దు, ఇంజురీ విషయంలో తప్ప, అక్కడ మాత్రం ఫలానా ప్లేయర్ రేపు ఆడతాడా లేదా అని సూటిగా అడగాల్సిందే. కష్టమైన ప్రశ్న ఉంటే దాన్ని మర్యాదగా, చిన్నగా, ముందు చిన్న ఉపన్యాసం లేకుండా అడగండి. అడిగాక నోరు మూసుకోండి. చాలామంది ఆయన ఆలోచించుకునే రెండు సెకన్లు ఆగలేక జవాబు కూడా వాళ్ళే అందిస్తారు, ఆయన తల ఊపుతాడు, అంతటితో ప్రశ్న వృథా అయిపోతుంది.

ఇంకోటి, రిఫరీ గురించి అడిగేటప్పుడు రూల్ తెలిసి ఉండాలి. ఇంగ్లండ్‌లో మ్యాచ్ ముందు ఆ మ్యాచ్ రిఫరీ గురించి మేనేజర్ మాట్లాడకూడదు, మెచ్చుకున్నా తప్పే. 2011 మేలో చెల్సీ మ్యాచ్ ముందు రిఫరీ హోవర్డ్ వెబ్‌ని మెచ్చుకున్నందుకు ఫెర్గూసన్ మీద ఫుట్‌బాల్ అసోసియేషన్ ఛార్జ్ పెట్టింది. అదే సంవత్సరం మార్చిలో మ్యాచ్ అయ్యాక ఇంకో రిఫరీని తిట్టినందుకు 5 మ్యాచ్‌ల టచ్‌లైన్ బ్యాన్ (గ్రౌండ్ అంచున నిలబడి టీమ్‌ని నడిపించకూడదు), 30,000 పౌండ్ల ఫైన్ పడింది. అందుకే మేనేజర్ ఆ ప్రశ్నకి నీళ్ళు నమిలితే అది పిరికితనం అని రాయకండి.

స్టెప్ 3: మ్యాచ్ రోజు

శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ అంటే మనకి చలికాలంలో రాత్రి 8:30, వేసవిలో 7:30. అక్కడ ఆ టైమ్‌లో మ్యాచ్‌లు టీవీలో లైవ్ వెయ్యకూడదని పాత రూల్ ఉంది, ఇంట్లో కూర్చున్న ఇంగ్లండ్ వాడు చూడలేని మ్యాచ్‌ని కూకట్‌పల్లిలో కూర్చుని మనం చూడొచ్చు. దూరం నుంచి రాసేవాళ్ళకి ఇది నిజంగా మంచి అవకాశం.

స్టేడియంలో ఉన్న పేపర్ రిపోర్టర్ పని వేరేగా ఉంటుంది. రాత్రి మ్యాచ్ అయితే ప్రింట్‌కి వెళ్ళే టైమ్ దగ్గర పడుతుంది కాబట్టి ఆట నడుస్తుండగానే ముక్కలు ముక్కలుగా రాసి పంపాలి, దీన్ని రన్నర్ అంటారు. ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి కింది భాగం వెళ్ళిపోవాలి, సెకండ్ హాఫ్‌లో ఇంకో ముక్క, ఫైనల్ విజిల్ మోగే సెకనుకి పైన పెట్టే పేరాలు వెళ్ళిపోవాలి. 1999 మే 26న బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. బయర్న్ మ్యూనిక్ 6వ నిమిషంలో గోల్ కొట్టి 90 నిమిషాలు అయ్యేదాకా 1-0 మీదే ఉంది. ప్రెస్ బాక్స్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఓడిపోయిందనే రిపోర్టులే రెడీ. ఇంజురీ టైమ్‌లో, అంటే 90 నిమిషాల పైన కలిపే టైమ్‌లో, యునైటెడ్ ప్లేయర్లు షెరింగ్‌హామ్ ఒకటి, సోల్షార్ ఒకటి కొట్టేశారు. రాసిందంతా రెండు నిమిషాల్లో చెత్తబుట్ట పాలు. కాబట్టి ఒక గోల్ తేడా ఉన్న మ్యాచ్‌కి 80వ నిమిషం నుంచి రెండు ఓపెనింగులు పక్కపక్కన రాసుకుని పెట్టుకోండి, ఒకటి గెలుపుకి ఒకటి డ్రాకి.

స్టెప్ 4: మ్యాచ్ అయ్యాక

ముందు టీవీ వాళ్ళకి ఫ్లాష్ ఇంటర్వ్యూ, తర్వాత మేనేజర్ ప్రెస్ కాన్ఫరెన్స్, తర్వాత ప్లేయర్లు బస్ ఎక్కే దారిలో రిపోర్టర్లు నిలబడే చోటు, మిక్స్‌డ్ జోన్. ఇక్కడ ప్లేయర్ ఆగాలనే బలవంతం లేదు, సగం మంది చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెళ్ళిపోతారు. ఓడిన టీమ్‌లో ఆగి మాట్లాడే ప్లేయర్ ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు, ఆ పేర్లు గుర్తుపెట్టుకోండి, వాళ్ళని గౌరవంగా చూడండి.

ఓడిన పది నిమిషాలకే మాట్లాడే మనిషి మాటల్ని ఎలా వాడుకోవాలి అన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం. నేను కొత్తలో సికింద్రాబాద్‌లో ఒక లోకల్ మ్యాచ్‌కి వెళ్ళా, ఓడిన టీమ్ కోచ్ గారు "పిల్లలు అలసిపోయారు సర్, నిన్న రాత్రి ట్రైన్‌లో నిలబడి వచ్చారు, పరిగెత్తలేదు" అన్నారు. నేను రాసింది "మా వాళ్ళు పరిగెత్తలేదు: కోచ్". ఒక్క మాట కూడా కల్పించలేదు, ఆ రైలు ముక్క మాత్రం స్పేస్ లేదని తీసేశా. ఆ కోచ్ గారు మళ్ళీ కలిసినప్పుడు తిట్టలేదు, మా పిల్లలు పేపర్ చదువుతారు బాబూ అన్నారంతే. అప్పటి నుంచి కోట్‌ని, అంటే వాళ్ళన్న మాటని, కోసేటప్పుడు "అందుకే", "కానీ", "ఎందుకంటే" ఉన్న ముక్కని మాత్రం ఎప్పుడూ కొయ్యను.

స్టెప్ 5: మనిషిని మనిషిలా రాయండి

1992 యూరో కప్‌లో ఇంగ్లండ్ స్వీడన్ చేతిలో 2-1తో ఓడి ఇంటికొచ్చింది. అప్పటి మేనేజర్ గ్రాహమ్ టేలర్ తలని ది సన్ పేపర్ వాళ్ళు టర్నిప్ దుంపగా మార్చి ఫొటో వేశారు. ఆయన క్లబ్ కెరీర్‌లో వాట్‌ఫర్డ్‌ని నాలుగో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కి తీసుకెళ్ళి, అక్కడ రెండో స్థానంలో నిలబెట్టిన మనిషి, కానీ చనిపోయినప్పుడు కూడా ఆ దుంప ప్రస్తావన రాకుండా పోలేదు. టాక్టిక్స్ తప్పు అనండి, సెలెక్షన్ తప్పు అనండి, ఎందుకు తప్పో చూపించండి, అది మీ హక్కు. మొహం మీద పడటం జర్నలిజం కాదు.

ప్లేయర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 2018 డిసెంబర్‌లో చెల్సీ గ్రౌండ్‌లో ఒక మ్యాచ్‌లో మాంచెస్టర్ సిటీ ప్లేయర్ రహీమ్ స్టెర్లింగ్‌ని స్టాండ్స్‌లోంచి దారుణంగా తిట్టారు. మర్నాడు అతను ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు హెడ్డింగులు పక్కపక్కన పెట్టాడు. మాంచెస్టర్ సిటీలోనే ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరూ అమ్మ కోసం ఇల్లు కొన్నారు. నల్లజాతి కుర్రాడు టోసిన్ అడరబియోయో గురించి రాస్తే వారానికి ఇంత జీతం, ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ మొదలుపెట్టకపోయినా భవంతి కొన్నాడు అని. తెల్ల కుర్రాడు ఫిల్ ఫోడెన్ గురించి రాస్తే అమ్మకి కొత్త ఇల్లు కొన్నాడు అని. స్టెర్లింగ్ చెప్పింది ఒకటే, ఇలాంటి రాతలే జాత్యహంకారానికి మేత వేస్తున్నాయని. ఇద్దరి వార్తల్లో అంకెలు తప్పు కాకపోవచ్చు, ఎంచుకున్న మాటలే విషం. మీరు హెడ్డింగ్ పెట్టాక ఒకసారి పేరు మార్చి చదవండి, ఆ ఇంకో ప్లేయర్‌కి ఇదే హెడ్డింగ్ పెట్టేవాడినా అని.

రాసినందుకు తలుపులు మూసుకుపోతే? మూసుకుపోవచ్చు. తన కొడుకు గురించి 2004లో డాక్యుమెంటరీ వేసిందని ఫెర్గూసన్ బీబీసీతో 2011 దాకా, అంటే ఏడేళ్ళు, మాట్లాడలేదు. బీబీసీ యునైటెడ్‌ని కవర్ చెయ్యడం ఆపేసిందా? లేదు, అసిస్టెంట్ మేనేజర్లు వచ్చి మాట్లాడారు, పని నడిచింది. నిజమని తేలినదాన్ని మేనేజర్ అలుగుతాడని దాచి పెడితే రేపు మీకు దొరికే ఇంటర్వ్యూకి విలువేముంది.

స్టెప్ 6: ట్రాన్స్‌ఫర్ వార్త

ట్రాన్స్‌ఫర్ అంటే ప్లేయర్ ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కి మారడం. ఇక్కడ అందరికీ తొందర, అందుకే తప్పులూ ఇక్కడే. మీకు ఫోన్‌లో సమాచారం ఇచ్చే ప్రతి ఒక్కరికీ ఏదో అవసరం ఉంటుంది. ఏజెంట్‌కి తన ప్లేయర్ జీతం పెరగాలి, అమ్మే క్లబ్‌కి రేటు పెరగాలి, కొనే క్లబ్‌కి తగ్గాలి, మేనేజర్‌కి ఓనర్ మీద ఒత్తిడి పడాలి. సమాచారం నిజమే కావచ్చు, కానీ ఇది బయటకి వస్తే లాభం ఎవరికి అని మిమ్మల్ని మీరు ముందే ప్రశ్నించుకోండి. ఒకే ఏజెంట్ చెప్పింది ఇద్దరి నోట విన్నంత మాత్రాన రెండు సోర్సులు అవ్వవు, రెండో మనిషి ఎదుటి పక్షం వాడై ఉండాలి.

తర్వాత, ఏ మెట్టు మీద ఉందో ఆ మెట్టే రాయండి: ఆసక్తి ఉంది, ఆఫర్ పెట్టారు, క్లబ్బులు రేటు ఒప్పుకున్నాయి, ప్లేయర్ జీతం ఒప్పుకున్నాడు, మెడికల్ టెస్ట్ అయింది, పేపర్లు రిజిస్టర్ అయ్యాయి. ఆఖరి మెట్టు దాకా "అయిపోయింది" అన్న మాట వాడకండి. 2015 ఆగస్ట్ 31న గోల్‌కీపర్ డేవిడ్ డి హేయా యునైటెడ్ నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళిపోవడం ఖాయమైపోయింది, బదులుగా కేలర్ నవాస్ ఇటు రావాలి, రెండు క్లబ్బులూ ఒప్పుకున్నాయి. స్పెయిన్ గడువు అర్ధరాత్రి. పేపర్లు టైమ్‌కి చేరలేదు, డీల్ ఆగిపోయింది, డి హేయా ఇంకో ఎనిమిదేళ్ళు యునైటెడ్‌లోనే ఆడాడు.

స్టెప్ 7: తెలుగులో రాసేటప్పుడు

హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో కూర్చుని రాసేవాళ్ళు కూడా క్లబ్బులు పెట్టే పూర్తి ప్రెస్ కాన్ఫరెన్స్ వీడియో చూసి రాయండి, ఎవరో కోసిన పదిహేను సెకన్ల క్లిప్ చూసి కాదు. చాలామంది మేనేజర్లకి ఇంగ్లీష్ సొంత భాష కాదు. ఆయన మనసులో స్పానిష్‌లోనో జర్మన్‌లోనో అనుకుని ఇంగ్లీష్‌లో చెప్పింది మనం తెలుగులోకి తెస్తున్నాం, అంటే మాట రెండు చేతులు మారింది. మౌరిన్యో కూడా 1992లో బాబీ రాబ్సన్ పక్కన ట్రాన్స్‌లేటర్‌గా పైకొచ్చినవాడే, చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య కూర్చోవడం ఎంత కష్టమో తెలిసిన మనిషి. "డిసప్పాయింటెడ్" అంటే నిరాశ, మనవాళ్ళు దాన్ని "ఫైర్", "నిప్పులు" అని రాస్తారు, దయచేసి వద్దు. మాట సరిగ్గా తెలుగులోకి రాకపోతే కొటేషన్ గుర్తులు తీసేసి, ఈ అర్థం వచ్చేలా అన్నాడు అని రాయండి, తప్పేం లేదు.

చేయి తిరగాలంటే మన దగ్గరి గ్రౌండ్ నుంచే మొదలుపెట్టండి. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి గోల్డ్ తెచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ మనిషే. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది కూడా. లోకల్ లీగ్‌లో మిక్స్‌డ్ జోన్ ఉండదు, గేట్ దగ్గర నిలబడితే కోచ్, ప్లేయర్ ఇద్దరూ దొరుకుతారు, ఎంతసేపైనా మాట్లాడతారు.

స్టెప్ 8: తప్పు వస్తే

వస్తుంది. కోట్ తప్పైతే అదే ఆర్టికల్ పైభాగంలో ఏది తప్పో, ఏది సరైందో, ఎన్ని గంటలకి మార్చారో రాయండి, గుట్టుగా మార్చేసి ఊరుకోవద్దు. ఆ మాట అన్న మేనేజర్‌కో ప్లేయర్‌కో, కనీసం క్లబ్ ప్రెస్ ఆఫీసర్‌కో, వాళ్ళు అడగకముందే మీరే ఫోన్ చెయ్యండి. రికార్డింగులు ఒక సీజన్ మొత్తం తేదీ, మ్యాచ్ పేరు పెట్టి దాచండి, వచ్చే శుక్రవారం ప్రెస్ కాన్ఫరెన్స్‌లో "నేను అలా అనలేదు" అంటే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.