చేతులు చల్లబడితే: గుండె షాక్‌ను ఎలా గుర్తించాలి?

మే నెలలో ఒంగోలు, కావలి పక్క ఎవరైనా చెమటలు పట్టి కూలబడితే ముందు వచ్చే మాట ‘వడదెబ్బ’. తర్వాత ‘గ్యాస్’. మజ్జిగో సోడానో తాగించి చూస్తారు. గుండె చాలినంత రక్తం నెట్టలేక వచ్చే కార్డియోజెనిక్ షాక్ అయితే విలువైన సమయం అక్కడే పోతుంది. దీనికి ఎక్కువగా కారణం పెద్ద గుండెపోటు. షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు.

ముందు చెయ్యి పట్టుకోండి. తీవ్రమైన వడదెబ్బలో ఒళ్లు కాలిపోతుంది. ఈ షాక్‌లో అరచేతులు, పాదాలు చల్లగా, జిగటగా ఉంటాయి. ఎండకు సొమ్మసిల్లినా, షుగర్ పడిపోయినా చల్లని చెమట పడుతుంది కాబట్టి దీంతోనే తేల్చేయకండి.

గోరును 5 సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి 2 సెకన్లలో ఎరుపు రావాలి. 3 దాటిందంటే చివరలకు రక్తం సరిగా అందడం లేదు. గోరింటాకు ఉంటే రొమ్ము ఎముక మీద నొక్కి చూడండి.

నాడి సన్నగా, నిమిషానికి 100 పైన కొట్టుకుంటుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లలో వేగం పెరగకపోవచ్చు. బీపీ పై అంకె 90 లోపు ఉంటే ప్రమాదం. మిషన్ ‘ఎర్రర్’ చూపిస్తే బ్యాటరీలు మారుస్తూ కూర్చోవద్దు, నాడి అందనప్పుడూ అలాగే చూపిస్తుంది.

ఆయాసాన్ని గమనించండి. పడుకోబెడితే ఎక్కువై, లేచి కూర్చుంటామంటారు. మెడ నరాలు ఉబ్బుతాయి, మాట పొంతన తప్పుతుంది, మూత్రం బాగా తగ్గిపోతుంది.

వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే 108కి ఫోన్ చేసి లక్షణాలు, మొదలైన సమయం, బీపీ అంకె చెప్పండి. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రి అయితే మేలు. ఉదయగిరి లాంటి దూరపు ఊళ్ల నుంచైతే ఎక్కడికి తీసుకెళ్లాలో అప్పుడే అడగండి.

ఇంట్లో ఉంది కదా అని నాలుక కింద సార్బిట్రేట్ (ఛాతీ నొప్పికి వాడే మాత్ర) పెట్టొద్దు, పడిపోయిన బీపీని అది ఇంకా దించుతుంది. ఆయాసపడుతున్న మనిషి కాళ్లు ఎత్తిపెట్టొద్దు, ఊపిరితిత్తుల్లో నీరు పెరుగుతుంది. తాగడానికి ఏమీ ఇవ్వకుండా, వీపుకు ఆనుడు పెట్టి కూర్చోబెట్టండి. స్పృహ పోయి, ఊపిరి ఆగితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ మధ్య నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ ఉండండి. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మాత్రం తీసుకెళ్లకండి. దారిలో గుండె ఆగినా ముందు నడిపేవాడికి తెలియదు.