మా పెద్దల సంఘానికి డబ్బులు ఎలా వచ్చాయంటే

హనుమకొండలో మా కాలనీ వృద్ధుల సంఘం మూతపడేదాకా వచ్చింది, చందాలు కరెంటు బిల్లుకే అయిపోయేవి, ఒక కంపెనీని అడిగితే కాగితాలు లేవని పంపించేశారు. చాలా బాధేసింది.

ముందు 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించాం, 7 మంది సభ్యులుంటే చాలు. తర్వాత సంఘం పేరునే పాన్, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, ఆపైన ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు. 80జీ ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు మినహాయింపు దొరుకుతుంది కాబట్టి కాలనీ నుంచి బయటికెళ్లి స్థిరపడ్డ పిల్లలు ధైర్యంగా పంపుతున్నారు, కాకపోతే నగదు 2,000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు రాదు, బ్యాంకులోనే వేయమనండి. సీఎస్‌ఆర్ సొమ్ముకు, అంటే కంపెనీలు సమాజసేవకు ఇచ్చే డబ్బుకు, సీఎస్‌ఆర్-1 అనే నమోదు ఫారంతో పాటు మూడేళ్లు పనిచేసిన రికార్డు కూడా కావాలి, అందుకే ప్రతి కార్యక్రమానికీ ఫొటో, హాజరు, లెక్క ఇప్పటినుంచే దాస్తున్నాం. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో వృద్ధుల డే కేర్ సెంటర్ల ప్రస్తావన ఉంది, దరఖాస్తులో అది తప్పకుండా రాయండి.

అసలు మనుషుల్ని మళ్లీ రప్పించినవి మాత్రం ఖర్చులేని పనులే. పొద్దున వడ్డేపల్లి చెరువు దగ్గర నడక, రిటైరైన సార్లు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం, బతుకమ్మకు ముందు అమ్మమ్మలు ఆడపిల్లలకు పాత పాటలు నేర్పడం. హాల్ గోడ మీద వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 నంబరు పెద్దక్షరాల్లో రాయించాం, మీరూ రాయించండి.