మూత లెక్కతో మందు కలపొద్దు

వాన తెరిపియ్యగానే వరంగల్ చుట్టుపక్కల పత్తి చేలల్లో మందు పంపులు మోగుతాయి. ట్యాంకుకు ఎంత పోశావంటే ‘రెండు మూతలు’ అంటారు. మూత ఒక్కో డబ్బాకు ఒక్కో సైజు. గీతలున్న కొలత గ్లాసు, చిన్న కాంటా కొనుక్కోండి. అవి మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

కొలిచే ముందు డబ్బా మీద శాతం చదవాలి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు 17.8 శాతం ద్రావణంగా దొరుకుతుంది, 70 శాతం గుళికలుగానూ దొరుకుతుంది. పేరొకటే, బలం దాదాపు నాలుగింతలు. శాతం మారితే పోయినేటి కొలత ఈ ఏడు పనికిరాదు.

అసలు తికమకంతా ట్యాంకు దగ్గరే. ఎకరాకు 300 గ్రాముల పొడి, 200 లీటర్ల నీళ్లు అని రాసి ఉందనుకోండి. చేతి పంపుతో 20 లీటర్ల ట్యాంకులు పది పడతాయి, అంటే ట్యాంకుకు 30 గ్రాములు. ఇంజిన్‌తో నడిచే తైవాన్ పంపుతో ఆరు ట్యాంకులకే ఎకరం అయిపోతే అదే 30 వేస్తే 180 గ్రాములే పడింది. పురుగు చావదు, మందు నకిలీదని దుకాణదారుడితో కొట్లాట. అక్కడ ట్యాంకుకు 50 వేయాలి. మీ పంపుకు ఎన్ని ట్యాంకులు పడతాయో తెలియాలంటే ముందు రోజు ఉత్త నీళ్లు పది గుంటల్లో, అంటే పావు ఎకరంలో, కొట్టి చూడండి. ట్యాంకున్నర పట్టిందా, ఎకరాకు ఆరు. 16 లీటర్ల ట్యాంకుకూ, 20 లీటర్ల దానికీ లెక్క ఒకటి కాదని వేరే చెప్పాలా?

బకెట్‌లో చిక్కగా కలిపి మగ్గుతో ట్యాంకుల్లో పోసుకునే వాళ్లు మగ్గు ముంచిన ప్రతిసారీ కర్రతో కలియబెట్టాలి. పొడి అడుగుకు దిగుతుంది. మొదటి ట్యాంకులు పలచన, చివరిది విషం.

మందులే కాదు, నీళ్లలో కలిపి ఆకుల మీద కొట్టే యూరియా కూడా. 2 శాతం అంటే లీటరుకు 20 గ్రాములు, 20 లీటర్లకు 400. ఒకసారి మబ్బు పట్టిందన్న టెన్షన్‌లో కిలో ప్యాకెట్ మొత్తం గుమ్మరించాను. 5 శాతం అయింది. ఆకుల అంచులు మాడిపోయాయి.

డబ్బా మీద ఎరుపు త్రికోణం ఉన్నది అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా అని ఉత్త చేత్తో కలపకండి. చిక్కటి మందు చేతికి తగిలేది కలిపేటప్పుడే, గ్లౌజులు అప్పుడే వేసుకోవాలి. గాలికి ఎదురు నిలబడొద్దు.

తల తిరిగినా, వాంతి వచ్చినా, చూపు మసకేసినా పంపు దించి, తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో కడుక్కుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. వరంగల్‌లోని ఎంజీఎం పెద్దాసుపత్రికి పోయినా, ఊళ్లో దవాఖానకు పోయినా డబ్బా లేబుల్ వెంట ఉండాలి. ఏ మందో తెలిస్తే దానికి తగిన వైద్యం చేస్తారు.