జూమ్ వెనక్కి రాగానే బొమ్మ మెత్తబడుతోందా?

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఎదురుచూస్తూ, కాస్త దూరంలో పడవ మీద వల సర్దుకుంటున్న మనిషి చేతులపై జూమ్ పెట్టాను. వల ముడులు లెక్కపెట్టేంత పదును. అక్కడి నుంచి మెల్లగా వైడ్‌కు వస్తే గోదావరి, కొబ్బరితోపులు అన్నీ ఫ్రేములోకి వచ్చాయి, పదును మాత్రం పోయింది. చిన్న మానిటర్‌లో అది తెలియలేదు. రాత్రి పెద్ద తెర మీద చూసుకున్నాక తల పట్టుకున్నాను.

సమస్య: దగ్గరగా లాగితే పదును, వైడ్‌లో మెత్తన

ముందు అది ఏ రకం లెన్సో చూడండి. ఫొటోల కోసం చేసిన జూమ్‌లు చాలావరకు ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరగా లాగుతుందో చెప్పే మిల్లీమీటర్ల కొలత) మారితే ఫోకస్ నిలుపుకోవు. అది లోపం కాదు, వాటి తయారీయే అంత. అలాంటి లెన్సుతో షాట్ మధ్యలో జూమ్ చేయాలనే ఆశ వదులుకోవడం మేలు.

సినిమా జూమ్ కూడా అలాగే చేస్తుంటే అనుమానం బ్యాక్ ఫోకస్ మీదకే, అంటే లెన్సు బిగించే అంచుకూ సెన్సర్‌కూ మధ్య దూరం మీదకే పోవాలి. సినిమా లెన్సులను కెమెరాకు బిగించే పీఎల్ మౌంట్‌లో అంచు నుంచి సెన్సర్ దాకా 52 మిల్లీమీటర్లు ఉండాలి. మిల్లీమీటరులో వందో వంతుల తేడా చాలు, వైడ్‌లో బయటపడుతుంది. లాంగ్‌లో, అంటే దగ్గరగా లాగినప్పుడు, ఫోకస్ రింగు రవ్వంత తిప్పి, మనకు తెలియకుండానే ఆ తేడాను సరిపెట్టేస్తాం. వైడ్‌లో ఆ సర్దుబాటు చాలదు.

కిరణాలు గీసిన చక్రం చార్టును మూడు మీటర్ల దూరంలో పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరవండి. లాంగ్‌లో ఫోకస్ పట్టి, రింగు ముట్టుకోకుండా వైడ్‌కు రండి. చక్రం నడుమ గీతలు కలిసిపోతే తేడా ఉన్నట్టే. అదే కెమెరాకు మరో లెన్సు బిగించి చూడండి. అదీ తప్పితే కెమెరా మౌంట్‌లో లేదా అడాప్టర్‌లో (ఒక మౌంట్ లెన్సును మరో మౌంట్ కెమెరాకు కలిపే రింగు), అది బాగుంటే మొదటి లెన్సులో దోషం.

నా విషయంలో దొంగ అడాప్టర్. కానన్ ఈఎఫ్ మౌంట్ దూరం 44 మిల్లీమీటర్లు, సోనీ ఈ మౌంట్‌ది 18. మధ్యలో ఉండే అడాప్టర్ సరిగ్గా 26 ఉండాలి. అద్దెకు తెచ్చిన దానికి ఒక మర వదులైంది, అంచున అంతర్వేది ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంది. తుడిచి, మర బిగించాక వైడ్‌లో పదును తిరిగి వచ్చింది. మౌంట్ కింద షిమ్‌లు (దూరం సరిచేసే పలుచటి రేకులు) మార్చాల్సి వస్తే మాత్రం మనం చేయి పెట్టకూడదు, సర్వీసు నిపుణుడికి ఇవ్వాలి. అంతదాకా షాట్‌లో జూమ్ మానేసి, ప్రతి ఫ్రేముకూ విడిగా ఫోకస్ పట్టుకోండి.

సమస్య: మూలలు నల్లబడటం

సూపర్ 35 అనే చిన్న సెన్సర్ కోసం చేసిన జూమ్‌ను, అంతకన్నా పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు తగిలించి ఉంటారు. ఫుజినాన్ 18-55, ఆంజెన్యూ 24-290 ఆ కోవలోవే. కెమెరాలో సూపర్ 35 మోడ్ పెట్టండి. వైడ్‌లో మాత్రమే నల్లబడితే లెన్సు ముందు ఎండను ఆపే మ్యాట్ బాక్స్ అడ్డొస్తోందేమో తీసి చూడండి.

సమస్య: లాగేకొద్దీ చీకటి

కానన్ 17-120 తీసుకోండి. 91 మిల్లీమీటర్ల దాకా టి2.95 (లెన్సు లోపలికి ఎంత వెలుగు వస్తుందో చెప్పే కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది) నిలుస్తుంది, 120కి చేరేసరికి టి3.9 అవుతుంది. షాట్ మొత్తానికీ టి4 పెట్టుకుంటే వెలుగు మారదు. మన డెల్టా ఎండలో అది కష్టమేమీ కాదు, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటే చాలు.

సమస్య: పొద్దున్నే అంతా పొగమంచులా

ఏసీ గదిలో చల్లబడ్డ గాజు మీద నది గాలిలోని తేమ చేరుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. మూసిన సంచితోనే కెమెరాను ఆరుబయట గంటసేపు ఉంచండి. పెద్ద జూమ్‌కు ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో లెన్సు విప్పొద్దు, సెన్సర్ మీదా చెమ్మ పడుతుంది. బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెబుతారు. ఆ పొడి రింగుల్లోకి దూరితే తేమకన్నా పెద్ద తలనొప్పి. వానాకాలం సిలికా జెల్ వేసిన గట్టి డబ్బా కొనుక్కోండి, లేకపోతే గాజు మీద బూజు పడుతుంది.

సమస్య: రింగు తిప్పితే ఫ్రేము ఊగడం

బరువంతా మౌంట్ మీద వేలాడుతోంది. లెన్సు కింద రాడ్లు, సపోర్టు తప్పనిసరి. 24-290 దాదాపు 11 కిలోలు. దాన్ని పంటు మీదకు ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు, గట్టి ట్రైపాడ్ కావాలి, ఎక్కించినా ఇంజిన్ అదురు లాంగ్‌లో ఫ్రేమును వణికిస్తుంది. కిలోలోపు బరువుండే 18-55 పట్టుకుని పడవలో వెళ్లి, చేతుల దగ్గరకు మనమే చేరుకోవడం నాకు నచ్చిన పద్ధతి.